ఆగకుండా నడిచిన బండి

ఆ ఎండాకాలం మా బాపు బండి రోజుకు మూడుసార్లు ఆగేది. ఎక్కడంటే అక్కడ కాదు. బోరు దగ్గర నీళ్ల ట్యాంకు నింపుకొని మంచాల ఊరికి పోయే రోడ్డెక్కి, రెండు మైళ్లు పోయి, గుట్ట మలుపు దగ్గర ఎత్తెక్కుతుంటే రెండుసార్లు ఎగిరిపడి ఇంజను ఊరుకునేది. ఎంత తాళం తిప్పినా పలికేది కాదు. చల్లబడ్డాక మాత్రం ఏమీ ఎరగనట్టు ఒక్క తిప్పుకే స్టార్టయ్యేది. ఇంత మొండి బండిని నేను ఇంతవరకు చూడలేదు. ఇంత మొండి మనిషిని కూడా మా బాపు తర్వాత మళ్లీ చూడలేదు.

అది రెండువేల ఏడు. ఇబ్రహీంపట్నం చుట్టూ ఎకరాలు గజాలైపోతున్న రోజులు. మొన్నటిదాకా జొన్న పండిన చెల్కలో తెల్లరాళ్లు పాతి, సున్నంతో గీతలు గీసి, ముందర ఒక పెద్ద గేటు కట్టి దానికి వెంచర్ అని పేరు పెట్టేవాళ్లు. ఆదివారం వస్తే ప్లాట్లు చూసేవాళ్ల కార్లు సాగర్ రోడ్డు పొడుగునా బారులు తీరేవి. వచ్చినవాళ్ల కంటికి పచ్చగా కనబడాలని గేటు నుంచి చివరి ప్లాటు దాకా మొక్కలు నాటించేవారు. నీటిచుక్క లేని నేల మీద వేల మొక్కలు. వాటికి నీళ్లు పోసే పని మా బాపుది.

బాపు పేరు యోబు. అప్పటికి యాభై ఎనిమిదేళ్లు. బండి మిలిటరీ వాళ్లు వేలంలో వదిలించుకున్న పాత పెట్రోలు లారీ. పెట్రోలుకు గిట్టుబాటు కాదని ఆటోల్లో వాడే గ్యాసు కిట్టు పెట్టించాడు. గ్యాసు అంటుకోవాలంటే నిప్పురవ్వ గట్టిగా రావాలని, చౌరస్తా మెకానిక్ పాత సామాను పీకేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ బిగించాడు. అరచేతిలో పట్టే నల్లటి డబ్బీ అది. మాడ్యూల్ అంటారు. ఇంజనులో ఏ క్షణాన రవ్వ పడాలో అదే చెబుతుంది. దాన్ని ఇంజను పొట్టకే, పొగ గొట్టం పక్కనే, రెండు స్క్రూలతో బిగించి మెకానిక్ చేతులు తుడుచుకున్నాడు.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, చౌరస్తాలో హేమచంద్ర గారి రిపేరు షాపులో పనిచేసేదాన్ని. టీవీలు, ఆంప్లిఫయర్లు, స్టెబిలైజర్లు మా షాపు నిండా ఉండేవి. ఆడపిల్ల బిగించిన స్క్రూ ఊడిపోతుందేమోనని అనుమానపడి, నా ముందే ఇంకోసారి బిగించుకొని పోయిన మహానుభావులు కూడా ఉన్నారు. అందుకే ఎవరూ పట్టలేని లోపం నేను పట్టుకోవాలని నాకు ఎప్పుడూ ఒక కసి ఉండేది. ఆ కసి గురించి ముందే చెప్పుకోవడం మంచిది.

మార్చి నెలాఖరులో వెంచర్ సూపర్‌వైజర్ ఇంటికొచ్చి వాకిట్లో నిలబడే చెప్పిపోయాడు. మొక్కలు ఎండుతున్నాయి, బండి ఇలాగే ఆగితే వచ్చే నెల నుంచి వేరే ట్యాంకర్ పెట్టుకుంటాం అని. బాపు తల ఊపాడు. అతను పోయినాక మా అమ్మ ప్రేమమ్మ చాటలో బియ్యం అలాగే వదిలేసి లేచింది.

"పోతే పోనియ్యి. గీ వయసుల గంత ఎండల ఎవడు తిరగమన్నడు నిన్ను? పొద్దుగాల ఒక్క ట్రిప్పు, పొద్దుగూకినంక ఒక్క ట్రిప్పు. గంతకంటె ఎక్కువైతే ఇడిసిపెట్టు."

"సరే తియ్యి," అన్నాడు బాపు. ఆయన సరే అన్నాడంటే వినలేదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

"బాపూ, శనివారం నేను నీతోటి బండిల వస్త. ఎందుకు ఆగుతున్నదో నేను చూస్త," అన్నాను.

"చౌరస్తల ఉన్న మెకానిక్కులందరు చూసిండ్రు బిడ్డా. కార్బొరేటర్ మార్చిండ్రు, కాయిల్ మార్చిండ్రు, నన్నొక్కన్ని మార్చలే."

"గందుకే నేను వస్తున్న."

మట్టలాదివారానికి, అంటే ఈస్టరు ముందటి ఆదివారానికి, ముందు రోజు అది. మీటరు, స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకొని బాపు పక్కన కూర్చున్నాను. ఉదయం తొమ్మిదింటికే రోడ్డు మీద గాలి వేడెక్కింది. బండి బాగానే నడిచింది. గుట్ట మలుపు వచ్చేసరికి రెండుసార్లు ఎగిరిపడి ఆగిపోయింది. నేను బానెట్ ఎత్తేలోపే బాపు కండువా భుజాన వేసుకొని దిగి, రోడ్డుపక్క పందిరి వైపు నడిచాడు. ఆయన దిగిన తీరు చూస్తే బండి చెడిపోయినట్టు లేదు, దిగాల్సిన ఊరు వచ్చినట్టుంది.

ఆ పందిరి బుగ్గమ్మది. నాలుగు కర్రల మీద తాటాకులు వేసి, కింద రెండు కుండలు పెట్టుకొని జొన్న అంబలి అమ్మేది. అరవై దాటిన మనిషి. దారినపోయే ప్రతి డ్రైవరు ఇంటి సంగతీ ఆమెకు తెలుసు.

"ఒచ్చినవా యోబన్నా? ఇయ్యాల జర ఆలిశమైంది," అంది ఆమె.

"బండి గరమైంది బుగ్గమ్మా. జర సల్లవడని," అంటూ బాపు చెప్పులు విడిచి, కండువా పరుచుకొని ఒరిగాడు.

నేను ప్లగ్గు తీగ పీకి చూశాను. రవ్వ రావడం లేదు. నల్ల డబ్బీ మీద వేలు పెట్టి వెంటనే లాక్కున్నాను. చురుక్కుమంది. ఆ క్షణంలోనే నాకు విషయం అర్థమైపోయింది. ఆంప్లిఫయర్లలో ఈ జబ్బు నేను రోజూ చూసేదే. వేడెక్కితే లోపలి ట్రాన్సిస్టర్ పని మానేస్తుంది, చల్లబడితే మళ్లీ మొదలుపెడుతుంది. దాన్ని పొగ గొట్టం పక్కన పెట్టినవాడిదే తప్పు.

రుజువు చేసుకోవాలి కదా. బుగ్గమ్మ దగ్గర చల్లటి నీళ్లడిగి, డబ్బీ తడవకుండా పాలిథిన్ సంచి కప్పి, దాని మీద తడిగుడ్డ చుట్టాను. ఆరిపోగానే మళ్లీ తడిపాను. మూడు నిమిషాలు ఆగి తాళం తిప్పితే ఇంజను గర్రుమంది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. హారన్ మీద హారన్ కొట్టాను.

బాపు అంబలి గిన్నె చేత్తో పట్టుకొని పందిరి కింద నుంచే చూశాడు.

"అప్పుడేనా?" అన్నాడు.

నిజంగా ఆ మాటే అన్నాడు. ముఖంలో సంతోషం ఉంది, కాదనను. కానీ ముందుగా వచ్చింది ఆ మాటే. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.

"దొరికింది బాపూ! డబ్బీ ఉడికిపోతున్నది. దానికి ఏమీ కాలే, జాగ మార్చాలె గంతే. ఇంకో మాట. నా లెక్కల, తడిగుడ్డ లేకున్న అది సల్లవడేతందుకు పన్నెండు నిమిషాలు చాలు. నువ్వేమో ముప్పావుగంట పంటున్నవట, బుగ్గమ్మవ్వ చెప్పింది."

"నీ గడియారం నీ తాన పెట్టుకో బిడ్డా," అని నవ్వి, గిన్నెలో మిగిలింది గుటగుటా తాగి లేచాడు. బుగ్గమ్మ ఉల్లిగడ్డ ముక్క ఇవ్వబోతే వద్దన్నాడు. ఆయన అది తినకుండా లేచిపోవడం అదే మొదటిసారి అని ఆమె తర్వాత ఎప్పుడో చెప్పింది.

షాపులో హేమచంద్ర గారికి ఈ సంగతి చెబితే ముచ్చటపడ్డారు. ఆయనది గుడివాడ వైపు. ఇరవయ్యేళ్ల కిందట వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డారు.

"భలేదానివమ్మా! ఇన్నాళ్లూ ఒక్కడికీ తట్టలేదంటే చూడు. వెనక గదిలో మైకు సెట్టువాళ్లు వదిలేసిన పాత ఆంప్లిఫయర్ ఉంది. దాని వెనక వేడిని గాలికి వదిలే అల్యూమినియం రెక్కలున్నాయి, అవి తీసుకెళ్లు. ట్రాన్సిస్టర్ కింద పూసే తెల్ల పేస్టు కూడా తీసుకెళ్లు. అది పూయకపోతే వేడి రెక్కల్లోకి దిగదు, తెలుసుగా?"

"తెలుసు సార్."

"నీకు తెలుసని నాకూ తెలుసులే. చెప్పడం నాకు అలవాటు."

ఈస్టరు మర్నాడు మా వాకిట్లో ఆ పని పెట్టుకున్నాను. డబ్బీని ఇంజను నుంచి విప్పి, అల్యూమినియం రెక్కల మీద పేస్టు పూసి బిగించాను. రెక్కలను పొగ గొట్టానికి అవతలి పక్క, ముందుచక్రం పైన ఉండే రేకు లోపలివైపు, గాలి తగిలేచోట అమర్చాను. తీగలన్నీ గజమున్నర పొడిగించి, ఒక్కోదాన్నీ టంకం వేసి, పైన ప్లాస్టిక్ గొట్టం తొడిగాను. మధ్యాహ్నమైంది. అమ్మ చాయ్ తెచ్చి చూస్తూ నిలబడింది. మా అన్న జయపాల్ రావిర్యాల దగ్గర ఒక కంపెనీలో సెక్యూరిటీ గార్డు. డ్యూటీ దిగి వచ్చి, యూనిఫాం కూడా విప్పకుండా అరుగు మీద కూర్చున్నాడు.

"తిప్పు బాపూ," అన్నాను గర్వంగా.

తిప్పాడు. ఇంజను తిరిగింది కానీ అంటుకోలేదు. మళ్లీ తిప్పాడు. అదే తంతు. జయపాల్ నవ్వు ఆపుకోలేక కూర్చున్నచోటే అటు తిరిగాడు.

"ఇంతకుముందు మలుపు దాకనన్న పోయేది," అన్నాడు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. మీటరు తీసి ఒక్కో తీగా చూసుకుంటూ వచ్చాను. గంట పట్టింది. తప్పు నాదే. ఇంజనుకు ఆనుకొని ఉన్నప్పుడు ఆ ఇనుము నుంచే డబ్బీకి ఎర్తు అందేది. ఇప్పుడు నేను బిగించిన చోట మిలిటరీ వాళ్లు పొర మీద పొర వేసిన ఆకుపచ్చ రంగు అడ్డుపడింది. స్క్రూ కింద ఆ రంగంతా తళతళలాడే దాకా గీకి, అక్కడి నుంచి ఇంజనుకు ఇంకో తీగ కలిపాను.

"ఇప్పుడు తిప్పు."

ఒక్క తిప్పుకే అందుకుంది. బాపు దిగి రాలేదు, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి ఇంజను చప్పుడు వింటూ కూర్చున్నాడు. తర్వాత పాస్టరయ్య దగ్గర్నుంచి బోరు దగ్గరి వాచ్‌మన్ దాకా కనబడినవాళ్లందరికీ చెప్పాడు. "మెకానిక్కులు ఎవ్వరు చెయ్యలే. నా బిడ్డ చేసింది. రేడియోలు చేసే చేతులతోటి లారీ చేసింది." ఆ రోజుల్లో నేను నేల మీద నడిచానంటే అబద్ధమే.

బండి మళ్లీ ఆగలేదు. నేను రెండుసార్లు వెంట వెళ్లి చూశాను. గుట్ట మలుపు ఎక్కేటప్పుడు రెక్కల మీద చెయ్యి వేస్తే గోరువెచ్చగా ఉండేది అంతే. బోరు దగ్గర ట్యాంకర్లకు వరస నంబర్లుండేవి. తన నంబరు వచ్చేసరికి బండి అక్కడ లేకపోతే వరస చివరికి పోవాలి. ఇదివరకు ఎప్పుడూ చివర్లోనే ఉండే బాపు ఇప్పుడు అందరికన్నా ముందు ఉండేవాడు. మూడు ట్రిప్పులు ఐదయ్యాయి, ఆరయ్యాయి, మే నెల వచ్చేసరికి ఏడయ్యాయి. "యోబును చూసి నేర్చుకోండి" అని సూపర్‌వైజర్ మిగతా డ్రైవర్లతో అన్నాడట. చిన్నప్పుడు, అది వెంచర్ కాకముందు, అదే చెల్కలో జీతగాడిగా ఎడ్లు తోలి తిట్లు తిన్న మనిషి బాపు. సూపర్‌వైజర్ అన్న ఆ మాట ఇంట్లో రెండుసార్లు చెప్పాడు.

మే మొదటి వారంలో బుగ్గమ్మ షాపుకు వచ్చింది. చేతిలో వెలగని టార్చిలైటు ఉంది.

"బిడ్డా, మీ బాపుకు నా మీద ఏమన్న కోపమొచ్చిందా?"

"కోపమెందుకు అవ్వా?"

"ఆగుతలేడు. హారన్ కొట్టి, చెయ్యి ఊపి పోతున్నడు. నేను అంబలి తీసి పెడుతున్న, అది పులిసిపోతున్నది."

నేను నవ్వాను. "కోపం గాదు అవ్వా. బండి బాగైంది. ఇగ ఆగదు."

"బండి బాగైతే మనిషి ఆగద్దా?"

"ఆయన ఎప్పుడాగిండు అవ్వా? బండి ఆగితేనే ఆయన ఆగిండు," అన్నాను టార్చి మూత విప్పుతూ. నా నోటితో నేనే అన్నాను ఆ మాట. అని, టార్చిలో తుప్పు పట్టిన స్ప్రింగు గీకి, సెల్లు మార్చి ఆమె చేతిలో పెట్టాను. నా మాట నా చెవిన పడలేదు.

ఇంట్లో తేడా మొదట చూసింది అమ్మ. బాపు చీకటి పడేలోపే వచ్చి, కాళ్లు కడుక్కొని, పళ్లెం ముందు కూర్చొని నాలుగు ముద్దలు తిని చెయ్యి కడిగేసేవాడు. చెంబు పట్టుకుంటే చెయ్యి వణికి నీళ్లు పళ్లెం బయట పడేవి. మాట్లాడుతూ మాట్లాడుతూ నిద్రపోయేవాడు.

"తల నొస్తున్నదా?" అంది అమ్మ ఒకసారి.

"నాకేమైంది? ఎండ గదా, ఎవలకు నొయ్యది?"

"పగటిపూట ఒక్క గంటన్న బండి ఆపి నీడల కూసో. నీ కాళ్లు మొక్కుత."

"ఎట్ల ఆపుత ప్రేమా? మంచిగున్న బండిని ఊకె ఎట్ల ఆపుత? నంబరు పోతది. అందరు ఏమనుకుంటరు, యోబుకు శాతనైతలేదు అనుకోరా?"

నేను అక్కడే ఉన్నాను. బాపు నా వైపు చూసి, "ఇగో, ఈ పొల్ల చేసిన బండి. దీని పేరు నిలబెట్టద్దా నేను?" అన్నాడు. నాకు సిగ్గు, సంతోషం రెండూ కలిగాయి. అమ్మ పక్క చేరి ఒక్క మాట అని ఉండవలసింది. అనలేదు. ఇన్నేళ్లలో ఎన్ని మాటలో మర్చిపోయాను కానీ, ఆ అనని మాట మాత్రం నన్ను వదల్లేదు.

మే ఇరవై రెండున మధ్యాహ్నం రెండు గంటలకు షాపులో ఫోను మోగింది. హేమచంద్ర గారు తీసి, విని, రిసీవర్ పెట్టేసి, షట్టర్ దించడం మొదలుపెట్టారు.

"స్కూటర్ ఎక్కమ్మా. మీ నాన్నగారికి బాగోలేదట."

వెంచర్‌లో మొక్కలకు పైపు పట్టే సత్తమ్మ తర్వాత నాకు అంతా చెప్పింది. ఆరో ట్రిప్పు అది. బండి మొక్కల వరస పక్కన నిలిపి, ట్యాంకు కవాటం తిప్పి, బాపు మళ్లీ సీట్లోకి ఎక్కాడు. నీటిపంపు తిరగాలంటే ఇంజను నడుస్తూనే ఉండాలి. ఆమె వరసగా పది మొక్కలకు పోసింది. పైపు ఇంక అందక, "జర ముందటికి జరుపు యోబన్నా" అని కేకేసింది. బండి జరగలేదు. ఇంజను చప్పుడులో వినబడలేదేమోనని మళ్లీ కేకేసింది. అదే మొక్కకు నీళ్లు పోస్తూ నిలబడింది. పాదు నిండి, పొంగి, నీళ్లు దారెంట పోతుంటే అప్పుడు పైపు కింద పడేసి వచ్చి చూసిందట.

"పండుకున్నడనుకున్న బిడ్డా," అంది. "ఇంజన్ నడుస్తనే ఉన్నది గద, మనిషి మంచిగనే ఉన్నడనుకున్న."

మేం వెళ్లేసరికి బాపును గేటు దగ్గరి గదిలో పడుకోబెట్టారు. ఇద్దరు ఆడవాళ్లు గుడ్డలు తడిపి ఆయన నుదుటి మీదా, ఛాతీ మీదా వేస్తున్నారు. ఆరగానే మళ్లీ తడుపుతున్నారు. నేను ఆయన అరికాలు పట్టుకున్నాను. కాలిపోతోంది. దవాఖానాకు తీసుకుపోయాం. ఎండదెబ్బ అన్నారు, ఒక గంట ముందు తెచ్చినా బాగుండేది అన్నారు.

కానీ అంతకుముందు ఇంకొకటి జరిగింది. ఆటో కోసం గది బయటికి పరుగెత్తితే, ఆ ఎండలో వరస చివర మా బండి కనిపించింది. ఇంకా నడుస్తూనే ఉంది. ఒక్క తడబాటు లేకుండా, గడియారంలా నడుస్తోంది. బాపును దించిన హడావిడిలో దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు. నేనే పోయి, తలుపు తీసి, తాళం తిప్పి ఆపేశాను. ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దంలో నాకు లెక్క తెలిసింది. రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి ముప్పావుగంట. పన్నెండు నిమిషాలు మాత్రమే బండివి.

జనం రకరకాలుగా ఓదార్చారు. ఎండలు అలా ఉన్నాయన్నారు, దేవుని పిలుపు అన్నారు. "కడపటి దినాల్లో బండి ఒక్కసారి కూడా ఏడిపించలేదు, అది నీ పుణ్యమే" అని నా తల నిమిరినవాళ్లు ఉన్నారు. నాకు ఏడుపు రాలేదు. మట్టి చేసిన రోజు అమ్మ గుండెలు బాదుకుంటుంటే పక్కన కర్రలా నిలబడ్డాను. పెద్ద చదువు చదివిన పిల్ల కదా, గుండె గట్టిదని మా చుట్టాలు మెచ్చుకున్నారు.

నలభయ్యో రోజున వాకిట్లో టెంటు వేసి జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. అప్పటికి వానలు మొదలయ్యాయి, టెంటు గుడ్డ మీద తుంపర పడుతోంది. హేమచంద్ర గారు వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నారు. బుగ్గమ్మ మంచాల రోడ్డు నుంచి నడిచి వచ్చి చాప అంచున కూర్చుంది. మా సంఘంలో ఇలాంటి కూడికలో సాక్ష్యాలు చెప్పడం ఉంటుంది. పోయిన మనిషి గురించి ఒకరి తర్వాత ఒకరు లేచి తమకు తెలిసిన మంచి చెబుతారు. ఒక్కో సాక్ష్యం ముగియగానే కూర్చున్నవాళ్లందరూ ఒక్కసారిగా "స్తోత్రం" అంటారు. అప్పుడు పాస్టరయ్య ఒక చరణం పాడతాడు. ఇంకొకరు లేస్తారు.

ముగ్గురు చెప్పినాక మా అన్న జయపాల్ లేచాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తెల్లచొక్కా వేసుకున్నాడు.

"మా బాపు ఎన్నడు పని ఇడిసిపెట్టి కూసోలే. నేను కంపెనీ నౌకరికి రాజీనామ ఇచ్చిన. వెంచర్‌ల బాపు పని నాకే ఇస్తమన్నరు. సోమవారం సంది బండి నేనే నడుపుత. మా చెల్లె చేసిన పనితోటి ఆ బండి ఇగ ఎన్నడు ఆగదు. బాపు లెక్కనే నేను కూడ ఆగ. ఇది నా సాక్ష్యం."

"స్తోత్రం," అన్నారు అందరూ.

పాస్టరయ్య పాట ఎత్తుకోబోయాడు. నేను లేచి నిలబడ్డానని ఆయన ఆగిపోతే గాని నాకు తెలియలేదు. చెప్పకుండా కూర్చుంటే అన్న సోమవారం ఆ సీట్లో ఎక్కుతాడు. చెబితే అమ్మ నా ముఖం మళ్లీ చూస్తుందో లేదో తెలియదు.

"మా బాపు ఆగేటోడు," అన్నాను. "అన్న చెప్పింది తప్పు. దినాం మూడుసార్లు ఆగేటోడు. బండి గరమైంది అని చెప్పి బుగ్గమ్మ పందిరి కింద పంటుండె. బండికి గంత సేపు అక్కర లేకుండె. నేను లెక్క కట్టి చూసిన. మిగిలిన పొద్దంత ఆయనకు కావాల్సి పంటుండె. నాకు శాతనైతలేదు అని నోటితోటి అననీకె ఆయనకు రాలే. బండి మీద పెట్టి చెప్పిండు. నేను పోయి బండిని బాగుచేసిన. దాని తర్వాత ఆయన చెప్పనీకె ఏమీ మిగలలే. నలభై దినాల సంది మీరందరు నన్ను మెచ్చుకుంటున్నరు. మెచ్చుకోకుండ్రి. ఇది నా సాక్ష్యం."

స్తోత్రం అనాల్సిన చోట ఎవరూ అనలేదు. పాస్టరయ్య పుస్తకం మూసి, మళ్లీ తెరిచాడు. జయపాల్ నోరు తెరిచి నన్నే చూస్తున్నాడు. బుగ్గమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను కూర్చోవాలని కూడా మర్చిపోయి అలాగే నిలబడ్డాను.

అమ్మ ముందు వరసలో ముసుగేసుకొని కూర్చుంది. ఆమె మెల్లగా లేచి, నా వైపు కాకుండా జయపాల్ వైపు తిరిగింది.

"నీ చెల్లె చెప్పింది ఇన్నవా?" అంది. "ఇరవై ఏండ్లు నేను ఆగుమని చెప్పిన. మొక్కిన, తిట్టిన, ఏడ్చిన. నా మాట మీ బాపు ఒక్కనాడు ఇనలే. బండి మాట ఇన్నడు. గా బండితోని నాకు పోటీ అయితుండె, మీకెవ్వరికి తెల్వదు. ఇప్పుడు బండి మంచిగున్నది. అది నిన్ను ఆగుమని చెప్పదు. నేను చెప్తే నువ్వన్న ఇంటవా బిడ్డా?"

జయపాల్ తల దించుకున్నాడు. తుంపర పెద్దదై టెంటు మీద చప్పుడు చేయసాగింది.

అమ్మ నా దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేదనుకున్నాను. నా చెయ్యి పట్టుకొని చాప మీదికి లాగి తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"నాకు ఎరుకనే," అంది నాకొక్కదానికే వినబడేట్టు. "నువ్వు రంగు గీకుతున్న నాడు నేను చాయ్ పట్టుకొని నిలవడ్డ గద. అప్పుడే అనుకున్న, ఇగ ఈయన ఆగడు అని. నువ్వు గంత సంబురంగ చేస్తుంటివి. నాకు నోరు రాలే."

ఆమె నా చెయ్యి వదల్లేదు. బాపు పోయిన నలభై రోజులకు, అంతమందిలో, అప్పుడు నాకు ఏడుపొచ్చింది.